మేడలో మా వంటిల్లు

1954 సెప్టెంబరు 14

కొలత టేపు పట్టుకుని లండన్ నుంచి ఒకాయన వచ్చాడు. పేరు లాత్‌బరీ. పురాతన కట్టడాల శాఖ మనిషి. మేడని ప్రభుత్వం తన అధీనంలోకి తీసుకుందట. ఎస్టేటువాళ్ళు వేసవిలోనే సంతకాలు పెట్టేశారట. మాకెవరూ చెప్పలేదు. కౌలుదార్లకి చెప్పేదేముందిలే అనుకుని ఉంటారు.

పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా కొలిచాడు. కప్పులేని పెద్ద హాలు, బురుజు, మా పందులుండే పాత ప్రార్థన గది. ఆఖరికి మా ఇంటి గోడ దగ్గరికీ వచ్చాడు. హాలుకి పడమటి కొసన, ఆ పాత గోడల్నే ఆనుకుని మా తాతల తాతలు వేసుకున్న ఇల్లు ఇది. దీన్ని కొలవడమెందుకని అడిగాను.

"అలవాటండీ, మిస్ ప్రీస్. మొదలుపెడితే చెయ్యి ఆగదు," అన్నాడు.

నాన్న ఆయనకి మా ఆపిళ్ళ సైడర్ పోశాడు. రెండో గ్లాసుకే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మర్యాదస్తుడే. బూట్లు గుమ్మం బయటే విడిచాడు.

సెప్టెంబరు 15

వాన. మెట్ల కింద బకెట్టు పెట్టాను.

సెప్టెంబరు 22

లాత్‌బరీ మళ్ళీ వచ్చాడు. భోజనానికి ఉండమన్నాడు నాన్న. మాంసం దొడ్డుగా కోసి వడ్డించాను. యుద్ధం నాటి మాంసం రేషను ఎత్తేశాక ఇంకా అలవాటు కాలేదు, కోసినప్పుడల్లా తప్పు చేస్తున్నట్టే ఉంటుంది.

మేడ కథంతా చెప్పాడాయన. కట్టించినవాడు సర్ హ్యూ మార్వుడ్ అని చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఫ్రాన్సు యుద్ధంలో ఎవరో ప్రభువుని పట్టుకుని, ఆయన విడుదలకి వచ్చిన సొమ్ముతో హాలు కట్టాడట. మనవడు ఓడిపోయే రాజు పక్షాన చేరి తల పోగొట్టుకున్నాడు. అక్కడి నుంచి మేడ చేతులు మారుతూ వచ్చింది. అంతర్యుద్ధంలో తూర్పు భాగం కాలిపోయింది. ఆఖరి వారసులకి మా హోప్‌స్లీ కంటే లండనే నచ్చింది. కప్పు మీది సీసం రేకులూ, దూలాలూ ఊడదీసి అమ్ముకుపోయారు. కప్పు పోయిన ఇల్లు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

"ఆ తర్వాత ఊళ్ళోవాళ్ళు రాళ్ళు మోసుకుపోయారన్నమాట," అన్నాడు లాత్‌బరీ.

"అందులో మావాళ్ళే ముందు," అన్నాడు నాన్న. "కాకపోతే దూరం మోయలేక ఇక్కడే కట్టేసుకున్నారు."

ఇద్దరూ నవ్వుకున్నారు. లాత్‌బరీ తన గీతల కాగితం బల్ల మీద పరిచాడు. పాత గోడలన్నీ నల్ల సిరాతో ఉన్నాయి. మా ఇల్లు మాత్రం సన్నటి పెన్సిలుతో ఉంది. పక్కన "తర్వాత అతికించినది" అని రాసి ఉంది.

"అతికించినవాటిని మీరేం చేస్తారు?" అని అడిగాను.

ఆయన టీ కప్పులోకి చూశాడు. "ఇంకా ఏమీ అనుకోలేదండీ."

నాన్న గొర్రెల గిట్టల జబ్బు గురించి ఎత్తుకున్నాడు.

సెప్టెంబరు 23

నాకేం కోపం లేదు. అడగాల్సింది అడిగానంతే.

అక్టోబరు 5

ఉత్తరం వచ్చింది. పడమటి కొసనున్న ఇల్లు తీసేస్తారట. బదులుగా చర్చి వీధి చివర కౌన్సిలు కడుతున్న కొత్త ఇళ్ళలో ఒకటి ఇస్తారట. పొలం, గొర్రెల పాక మాకే ఉంటాయి. వసంతం లోపల ఖాళీ చేయాలి.

నాన్నకి చదివి వినిపించాను. రొట్టెకి వెన్న రాసుకుంటున్నాడు. రాయడం ఆపలేదు. "ఊఁ" అన్నాడంతే.

నాకు ఏ ఇల్లైనా ఒకటే. కానీ నాన్న ఈ ఇంట్లోనే పుట్టాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషిని వేళ్ళతో సహా పెరికి ఇంకోచోట నాటితే బతుకుతాడా? "ఊఁ" అన్నాడంటే లోపల ఎంత నలుగుతున్నాడో. నాన్న కోసమైనా నేను ఏదో ఒకటి చేయాలి.

అక్టోబరు 9

మా పార్లమెంటు సభ్యుడికి రాశాను. చర్చి ఫాదర్‌కి, ఎస్టేటువాళ్ళకి, లడ్లో పట్నంలోని పత్రికకి కూడా రాశాను. వేలు బొబ్బలెక్కింది.

పక్క పొలం ఓల్విన్ పిన్ని గుడ్లు ఇవ్వడానికి వచ్చింది. భర్త పోయాక కూడా పొలం, బండి తనే నడుపుకుంటున్న మనిషి. నోటికి తాళం లేదు. ఆవిడ కోళ్ళగూడు గోడలో ఒక రాతి దేవదూత తల ఉంది, మేడ నుంచి వెళ్ళినదే. లాత్‌బరీ అది చూసి మోకాళ్ళ మీద కూలబడ్డాడట.

"పట్టుకుపోతానంటే ఇవ్వనని చెప్పేశాను," అంది పిన్ని. "ఆ మొహం చూస్తే గానీ నా కోళ్ళు గుడ్లు పెట్టవు. సరేగానీ, ఇన్ని ఉత్తరాలు ఎవరికే?"

చెప్పాను.

"మీ నాన్నని అడిగావా?"

"ఆయన్ని అడిగేదేముంది పిన్నీ? మొహం చూస్తే తెలీట్లా?"

పిన్ని గుడ్లు ఒక్కొక్కటీ గిన్నెలో పెట్టింది. "నీ ఇష్టం తల్లీ," అంది. ఆవిడ అంత తక్కువ మాట్లాడ్డం ఎప్పుడూ చూడలేదు.

అక్టోబరు 20

లాత్‌బరీతో గొడవ. వంటింట్లోనే.

పొయ్యి వెనక గోడని వేళ్ళతో తడుతున్నాడు. పాత హాలుకి ఉన్న ఒకే ఒక్క పెద్ద కిటికీ ఈ గోడ వెనకే ఉందని ఆయన నమ్మకం. మావాళ్ళు రాళ్ళతో పూడ్చేసి, దానికి అడ్డంగా పొయ్యి కట్టారట.

"నమ్మకమా, తెలుసా?" అన్నాను.

"విప్పితేగానీ తెలీదండీ."

"అంటే మా నాన్నని బయటికి గెంటి, ఇల్లు విప్పి, అప్పుడు చూస్తారన్నమాట. లేకపోతే? 'అయ్యో, లేదే' అంటారు. అంతేగా?"

"అంతేనండీ." ఆయన దాచుకోలేదు. "లేకపోతే నేను తప్పు చేసినట్టే. ఉంటే, మిస్ ప్రీస్... ఈ కౌంటీలో అలాంటిది ఇంకోటి లేదు."

అన్నం తినని మనిషిలా ఉన్నాడు ఆ మాట అంటుంటే. టీ ఇవ్వలేదు. వెళ్ళిపోయాక బాధనిపించింది. టీ గురించే.

నవంబరు 3

నాన్న మళ్ళీ ఓల్విన్ పిన్ని బండిలో ఎక్కడికో వెళ్ళొచ్చాడు. ఇది రెండోసారి. ఎక్కడికంటే "ఊరికే, గాలి తగలాలని" అన్నాడు. పాపం, ఇంట్లో కూర్చుంటే దిగులు తినేస్తూ ఉంటుంది. పొలం వంక కూడా చూడలేకపోతున్నాడేమో.

నవంబరు 11

బడిలో మీటింగు పెట్టిస్తానన్నాడు ఫాదర్. శాఖవాళ్ళు వస్తారట. నాన్న తరఫున నేను మాట్లాడాలి. రాసుకున్నాను. చదువుకుంటుంటే నాకే కళ్ళు చెమర్చాయి, బాగా వచ్చినట్టుంది.

నవంబరు 19

మీటింగు అయింది. తలనొప్పి.

నవంబరు 20

రాయకపోతే మనసు కుదుటపడేలా లేదు.

బడి నిండిపోయింది. నాన్న మంచి కోటు వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు, పక్కన ఓల్విన్ పిన్ని. లాత్‌బరీ తన పటాలు చూపించాడు. జనం మర్యాదగా విన్నారు. తర్వాత నేను లేచాను. మా నాన్న ఈనాక్ ప్రీస్ ఆ ఇంట్లో పుట్టాడనీ, ఆయన తండ్రీ, తాతా అక్కడే పుట్టి అక్కడే కన్నుమూశారనీ, రాళ్ళ మీద ఉన్న ప్రేమ బతికున్న మనిషి మీద ఎందుకు లేదనీ అడిగాను. "మా నాన్న కోరేది ఒక్కటే, తను పుట్టిన గదిలోనే పోవాలని," అని ముగించాను. చప్పట్లు మోగాయి. వెనక ఎవరో "భేష్ డోర్కస్!" అని అరిచారు.

నాన్న లేచాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నాకు అక్కడ పోవాలని లేదండీ," అన్నాడు.

టోపీని రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

"అసలు నాకు పోవాలనే లేదు. పుట్టిన కాడ్నించీ తడి పరుపు మీద పడుకుంటన్నా. శీతాకాలం వస్తే మోకాళ్ళు పట్టేస్తాయి, కాకులు పొగగొట్టంలో గూళ్ళు పెడతాయి, పొగంతా నా గుండెల్లోకి. కొత్త ఇంట్లో ఒక కొళాయి ఉంది. నేను తిప్పి చూశా. వేడినీళ్ళు!" చుట్టూ చూశాడు, నమ్మట్లేదేమో అన్నట్టు. "తిప్పగానే!"

ఎవరో నవ్వారు. ఆ తర్వాత అందరూ నవ్వారు. చప్పట్లు కొట్టినవాళ్ళే. లాత్‌బరీ ఒక్కడే నవ్వలేదు. తన పటం చుట్టుకుంటూ కూర్చున్నాడు.

నేను రాసుకొచ్చిన కాగితాన్ని చిన్నగా, ఇంకా చిన్నగా మడిచాను. ఇంటికి ఒక్కదాన్నే నడిచొచ్చాను.

గాలి కోసం వెళ్ళింది అక్కడికన్నమాట. పిన్ని కూడా.

నవంబరు 22

నాన్నతో మాట్లాడలేదు. ఉప్పు అడిగాడు. ఇచ్చాను.

నవంబరు 27

నాన్న గొర్రెల పాకలో దొరికాడు. ఒక పొట్టేలు కాలు నేను పట్టుకున్నాను, గిట్ట ఆయన చెక్కాడు. ఇద్దరి చేతులూ పనిలో ఉంటే మాట్లాడ్డం సులువు.

"నాకు చెప్పాల్సింది నాన్నా. ఊరందరి ముందూ..."

"నువ్వు అడిగావా? లోకంలో అందరికీ ఉత్తరాలు రాశావు. ఒక ముక్క నాకూ రాసి పడేస్తే జవాబిచ్చేవాణ్ణి కదే!"

"నువ్వు 'ఊఁ' అన్నావు."

"ఊఁ అంటే సరే అని. ఈ దేశంలో ఇంకేం అర్థముంది దానికి?"

పొట్టేలు తన్నుకుంది. గట్టిగా పట్టుకున్నాను.

"వెళ్ళాలని లేనిది నీకు," అన్నాడు నాన్న, తల ఎత్తకుండా. "ఉండాలనుంటే ఉండాలనుందని చెప్పుకో. తప్పేముంది? మధ్యలో నన్ను ముసలాణ్ణి చేసి, ఏడిపించి, చంపేసి ఊరందరికీ చూపించడమెందుకు?"

"నాకు ఏ ఇల్లైనా ఒకటే," అన్నాను.

"అయితే సరే. ఆ రెండో కాలు పట్టుకో."

నవంబరు 28

నాన్న అన్నది నిజం కాదు.

డిసెంబరు 1

నిజం కాదు. అమ్మ పోయాక ఇరవై ఏళ్ళుగా ఆయనకి వండిపెట్టడానికే కదా ఉన్నాను. లేకపోతే లడ్లోలో బట్టల కొట్లో పని చేసుకునేదాన్ని. అడిగారు కూడా.

డిసెంబరు 9

పొద్దున తలుపు తీసేసరికి మంచు పడి ఉంది. కప్పులేని హాలంతా తెల్లగా, మధ్యలో ఒక నక్క నడిచివెళ్ళిన జాడ. ఒకప్పుడు దొరగారి భోజనబల్ల ఉండే చోటు దాకా వెళ్ళి, కాసేపు కూర్చుని, బురుజు వైపు తిరిగింది. చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కాళ్ళు కొంకర్లు పోయినా కదలబుద్ధి కాలేదు.

చిన్నప్పుడు వేసవి రాత్రుళ్ళు అమ్మ నన్ను ఈ హాల్లో భోంచేయనిచ్చేది. ఎంత పెద్ద దొరలకీ నక్షత్రాల కింద అంత పెద్ద భోజనశాల ఉండి ఉండదు. ఇప్పటికీ బట్టలు ఇక్కడే ఆరేస్తాను. దుప్పట్లు ఆ ఎత్తు గోడల మధ్య ఎగురుతుంటే ఊరికే చూస్తూ ఉంటాను. చర్చి వీధిలో ఆరేసుకోవడానికి ఇంటికొక ఇనప స్తంభం ఇస్తారట.

నిజమే. నాకు వెళ్ళాలని లేదు.

రాసేశాను. ఎవరికీ చెప్పేది లేదు. ఇప్పుడు చెప్పి ప్రయోజనమూ లేదు.

1955 ఫిబ్రవరి 24

ఇల్లు మారాం. నాన్న గోడగడియారాన్ని ఒళ్ళో పెట్టుకుని ఓల్విన్ పిన్ని బండిలో ముందు కూర్చున్నాడు. పెళ్ళికొడుకులా ఉన్నాడంది పిన్ని. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

ఫిబ్రవరి 26

సామాను పోయాక ఇల్లు చూడడానికి వెళ్ళాను. బీరువా ఉన్న చోట ఎన్నేళ్ళ దుమ్మో. నీళ్ళు తోడి, నేలంతా గీకి కడగడం మొదలుపెట్టాను. సగంలో లాత్‌బరీ వచ్చాడు. గుమ్మంలో ఆగి బూట్లు విడిచాడు.

"మిస్ ప్రీస్, సోమవారం నుంచి ఇది పగలగొడతారు."

"తెలుసు."

"మరి..."

"ప్రీస్‌ల ఇల్లు మురికిగా ఉండేదని మీ కూలీలు అనుకోకూడదు."

ఆయన కోటు తీసి మెట్ల మీద పెట్టి, బకెట్టు అందుకుని నీళ్ళు మార్చుకొచ్చాడు. మిగతా సగం ఇద్దరం కలిసి కడిగాం. ఆయనకి నేల తుడవడం రాదు. తుడిచిన చోటే మళ్ళీ మోకాళ్ళు పెడతాడు.

మార్చి 1

వెళ్ళలేదు. కొత్త ఇంటి వంటగది నుంచి కూడా ఇనుము రాయికి తగిలే చప్పుడు వినిపిస్తోంది. నాన్న వేడినీళ్ళతో గడ్డం గీసుకున్నాడు, ఈ రోజుకి రెండోసారి.

మార్చి 10

ఇవాళ కూడా వెళ్ళలేదు. పిన్ని వెళ్ళొచ్చింది. "నేనేం చెప్పను. నువ్వే వెళ్ళి చూసుకో," అంది.

మార్చి 11

వెళ్ళాను.

మా ఇల్లు లేదు. మెట్లు, పైగది, పొగగొట్టం, ఏవీ లేవు. పొయ్యి ఉన్న గోడలో నుంచి కూలీలు ఇంకా రాళ్ళు తీస్తున్నారు. వాటి వెనక, నా తలకంటే చాలా ఎత్తుగా, కిటికీ. రెండు పొడుగాటి వంపులు, వాటి మీద రాతితో చెక్కిన గుండ్రటి పువ్వు. పువ్వులో ఒక్క రేకు మాత్రమే విరిగింది. పూడ్చిన రాళ్ళే దాన్ని ఇన్నేళ్ళూ కాపాడాయట. అందులోంచి చూస్తే నది, నదికి అవతల పచ్చిక, ఆ పైన కొండ. ఎండ నేల మీద పడుతోంది. మొన్న మేం కడిగిన నేల మీద.

లాత్‌బరీ పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు. "చూశారా" అని ఉంటే అక్కడే కొట్టి ఉండేదాన్ని.

"ఉందిగా," అన్నాను.

"ఉందండీ," అన్నాడు.

మార్చి 12

బాగుంది. ఆ మాట రాయడానికి ఒక రోజు పట్టింది.

మార్చి 13

చర్చి నుంచి వస్తూ నాన్న తనే చూస్తానన్నాడు. కర్ర పట్టుకుని రాళ్ళ గుట్టల మీదుగా వచ్చి, పొయ్యి ఉన్న చోట నిలబడ్డాడు. నేను ఆయన ఏదో వెటకారం చేస్తాడనుకున్నాను.

కిటికీలోంచి నది వైపు చూశాడు.

"మీ అమ్మ మిట్టమధ్యాహ్నం కూడా దీపం పెట్టుకుని వండేది, గుర్తుందా?" అన్నాడు. "ఒక కిటికీ పెట్టించమని పోరేది. ఈ గోడలో ఎక్కడ పెట్టేదే, ఇల్లు కూలుతుందని కసిరేవాణ్ణి." కర్రతో గాల్లోకి చూపించాడు. "ఇంత కిటికీ. ఆవిడ పొయ్యి వెనకే."

టోపీ తీశాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఈ మధ్య బాగా సన్నబడింది ఆ చెయ్యి. అక్కణ్ణించి ఇంటిదాకా నడిచే వచ్చాం, బండి వద్దన్నాడు.

ఏప్రిల్ 4

లాత్‌బరీ ఒక కాగితం తెచ్చాడు. గేటు దగ్గర పెట్టబోయే బోర్డు మీద రాయించాల్సింది. మార్వుడ్‌లు, యుద్ధాలు, సీసం రేకులు, అన్నీ ఉన్నాయి. చివరి వాక్యం: "అటుపైన ఈ మేడ నిర్మానుష్యమైంది."

"నిర్మానుష్యమంటే?" అన్నాను.

ఆయనకి అప్పుడు తట్టింది. మెడ దాకా ఎర్రబడ్డాడు. "అంటే... ప్రభువుల కుటుంబాలు..."

"మేం మనుషులం కామా, మిస్టర్ లాత్‌బరీ? రెండువందల ఏళ్ళుగా ఆ పొగ ఎవరిది మరి?"

పెన్సిలు నా ముందు పెట్టాడు. "మీరే రాయండి. నేను రాస్తే మళ్ళీ తప్పు రాస్తాను."

నాన్నని సలహా అడిగాను. "బాగా తడి అని రాయి," అన్నాడు. అది రాయలేదు. ఆఖరికి ఇలా కుదిరింది: "అటుపైన ప్రీస్ కుటుంబం పడమటి కొసన ఇల్లు కట్టుకుని 1955 ఫిబ్రవరి వరకు ఇక్కడే కాపురముంది. అక్కడి పెద్ద కిటికీ ఉన్న చోటు వారి వంటిల్లు."

లాత్‌బరీ రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒక్క అక్షరం మార్చలేదు.

ఏప్రిల్ 6

మే నెల నుంచి మేడ చూడడానికి జనాన్ని రానిస్తారట. గేటు దగ్గర ఉండి, చూపించి, చెప్పే మనిషి కావాలట. శాఖవాళ్ళు నా పేరు అనుకున్నారని లాత్‌బరీ మేడ గేటు బయట నిలబడి చెప్పాడు.

"తొందరేం లేదండీ. ఇంట్లో పెద్దాయన ఒక్కరే ఉండాల్సొస్తుంది కాబట్టి, ఆయన్ని కూడా కనుక్కుని..."

"ఆయన్ని కనుక్కునేదేం లేదు," అన్నాను. "నాకు ఇక్కడే ఉండాలనుంది."

నోటిలోంచి వచ్చేశాక నాకే వింతగా అనిపించింది. ఆయన చెయ్యి చాచాడు. నా చేతికి మట్టి ఉంది. అలాగే కలిపాను.

ఇంటికొచ్చేసరికి నాన్న వంటింట్లో కప్పులు కడుగుతున్నాడు. కొళాయి ధారగా పోతోంది, గదంతా ఆవిరి. వెనక నిలబడి చెప్పాను.

"ఏంటే? వినపడలా." కొళాయి కట్టేశాడు. "మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను.